మా జొన్నల చేను: తాతల మీద నవల రాస్తే ఎంత నిజం చెప్పాలి?

ఈసారి ఎపిసోడ్ చాలా లేటైంది. ఎందుకు లేటైందో చెప్పడమే ఈ ఎపిసోడ్.

రెండేళ్లుగా నేను ఒక నవల రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడే మొదలుపెట్టా. మా దర్శి వైపు, 150 ఏళ్ల కిందట, మా సొంత పెద్దల కథ. గుర్రాలు, కరువు, కొండదారులు, దొంగల భయం అన్నీ ఉన్నాయి. మూడు చాప్టర్లు గబగబా అయిపోయాయి. నాలుగో చాప్టర్ దగ్గర ఆగిపోయా. ఎందుకు ఆగానో చెప్పే ముందు మీకు ఒక రాగిరేకు గురించి చెప్పాలి.

పేరు పోయిన మునిమనవడు

మా దర్శిలో పల్లవుల కాలం నాటి తామ్రశాసనం ఒకటి దొరికింది. అందులో మనకు మిగిలింది మొదటి రేకు మాత్రమే. దశనపురం నుంచి ఇచ్చిన శాసనం అని ఉంటుంది. ఆ దశనపురం అంటే మన దర్శే అని కొందరు చరిత్రకారులు చెప్తారు. దానం ఇచ్చిన రాజు తన వంశం చెప్పుకుంటూ, ముత్తాత వీరకోర్చవర్మ దగ్గర మొదలుపెట్టాడు. అంతే, రేకు అయిపోయింది. మిగతా రేకులు లేవు. అంటే ముత్తాత పేరు మనకు తెలుసు. ఆ ముత్తాత పేరు అంత గొప్పగా చెప్పుకున్న మునిమనవడి పేరు మనకు తెలీదు.

రాజుగారి పరిస్థితే అలా ఉంటే, మనలాంటి రైతు కుటుంబాల సంగతి ఏంటి? మీలో ఎంతమందికి ముత్తాత తండ్రి పేరు తెలుసు? ఒకసారి వీడియో ఆపి ఆలోచించండి. నాకైతే రెండేళ్ల కిందటి వరకు తెలీదు.

మన వైపు సరిహద్దు ఎక్కడ?

అమెరికా వాళ్లకి వెస్టర్న్ నవలలు, సినిమాలు ఉంటాయి కదా. సరిహద్దు ప్రాంతం, కొత్తగా వచ్చిన కుటుంబాలు, తుపాకులు. మన దగ్గర అలాంటిది లేదనుకుంటాం. ఉంది. పశ్చిమ ప్రకాశం మొత్తం అలాంటి నేలే.

ఒకసారి మ్యాప్ ఊహించుకోండి. 1780ల్లో దర్శి దగ్గర నిలబడితే, నెల్లూరు వైపు ఆర్కాటు నవాబు అధికారం. గుంటూరు వైపు నిజాం కుటుంబం పాలన. కంభం, గిద్దలూరు వైపు కడప సీమ, అది అప్పటికి హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చేతిలోకి వెళ్లింది. ఆ పైన కర్నూలు నవాబు. పడమర గోడలాగా నల్లమల. తర్వాత ఇరవై ఏళ్లలో అంతా మారిపోయింది. 1788లో గుంటూరు కంపెనీ చేతికొచ్చింది. 1800లో నిజాం కంభంతో సహా దత్త మండలాలు ఇచ్చేశాడు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు వచ్చింది. దత్త మండలాల్లో థామస్ మన్రో కలెక్టరుగా దిగేసరికి అక్కడ 80 మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. ఆ పాలెగాళ్ల వంశంలోనే, 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయన పోరాటం గిద్దలూరు, నల్లమల దాకా వచ్చింది.

మా దర్శి, పక్కన పొదిలి, వెంకటగిరి రాజాల జమీందారీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. పడమర మార్కాపురం, కంభం కర్నూలు జిల్లా. ఈ ముక్కలన్నీ కలిసి ఒక జిల్లా అయింది 1970లో. ప్రకాశం అనే పేరు పెట్టింది 1972లో. అంటే మా తాత పుట్టిన జిల్లా వేరు, మా నాన్న పుట్టిన జిల్లా వేరు, నేను పుట్టిన జిల్లా వేరు. ఇల్లు మాత్రం అదే ఇల్లు.

అయితే ఒక తేడా ఉంది. వెస్టర్న్ కథల్లో నేల ఖాళీగా ఉన్నట్టు, హీరో వచ్చి దున్నినట్టు చూపిస్తారు. అక్కడ ముందు నుంచి ఉన్నవాళ్లు కథలో అడ్డంకులు. మన నల్లమల ఎప్పుడూ ఖాళీగా లేదు, చెంచులు ఉన్నారు. మైదానం దారులు ఖాళీగా లేవు. లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసేవాళ్లు, ఎరుకలవాళ్లు తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. మా ఊరి చేలు కూడా ఖాళీగా లేవు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నాయనమ్మ చెప్పిన కథ

మా ఇంట్లో ఒక కథ ఉంది. మా ముత్తాతకు తాత, కరువులో పాతర తీసి, ఊరందరికీ అంబలి కాచి పోశాడట. పాతర అంటే తెలుసు కదా, భూమిలో గుంట తీసి జొన్నలు పోసి పైన మట్టి కప్పేవాళ్లు. తెరిచాక వెంటనే దిగకూడదు, లోపల ఊపిరాడదు. దిగి చచ్చిపోయినవాళ్లు ఉన్నారు. మా పెద్దాయన ముందు తనే దిగాడట, ఇంకెవర్నీ దిగనివ్వలేదట. నాయనమ్మ ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. "మనది అట్టాంటి ఇల్లు రా" అంటుంది.

హీరో దొరికేశాడు కదా. నేను రాసుకుంటూ పోయా.

ఇంజనీరు బుద్ధి కాబట్టి మొదట తేదీ పట్టుకున్నా. "ఏ కరువు నాయనమ్మా?" అంటే "ధాత కరువు" అంది. తను వాళ్ల అత్త దగ్గర విన్నది, ఆ అత్త వాళ్ల మామ దగ్గర విన్నది. మన తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి చిన్న లెక్క ఉంది, రాసుకోండి. ఇంగ్లిష్ సంవత్సరంలోంచి 1867 తీసేయండి, వచ్చినదాన్ని 60తో భాగించి శేషానికి ఒకటి కలపండి. అదే వరస సంఖ్య. 1876 అయితే 9 శేషం, ఒకటి కలిపితే 10. పదోది ధాత. ఉగాదికి ముందు నెలలైతే పోయిన ఏడాది పేరే నడుస్తుందని గుర్తుపెట్టుకోండి. ధాత అంటే 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. తరాలు లెక్కేసుకుంటే మాది 1876.

ఇదే లెక్కతో 1832 నందన అవుతుంది. అది నందన కరువు, డొక్కల కరువు అంటారు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది పోయారని అంచనా. మీ ఇంట్లో ముసలివాళ్లు ఏదైనా కరువు పేరు చెప్తే తేలిగ్గా తీసుకోకండి. అది ఒక డేటు.

1876 నుంచి 1878 దాకా ఏం జరిగింది?

వానల్లేవు. ధాత పోయింది, ఈశ్వర వచ్చింది, అయినా సరిగ్గా లేవు. దక్షిణ భారతమంతా లక్షల్లో జనం చనిపోయారు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు పెట్టి విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనులు చూడటానికి మద్రాసు రాజ్యానికి వచ్చాడు. పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కాస్త డబ్బు చాలన్నాడు. పౌను అంటే అర కేజీ కూడా కాదు. రోజంతా మట్టి మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని గట్టిగా గొడవపడ్డాడు. చివరికి కూలి పెంచారు.

మన వైపు పెద్ద కరువు పని తీరం వెంబడి కాలవ తవ్వడం. అదే బకింగ్‌హాం కాలవ. అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు దానికి పెట్టారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. ఆయన మూడున్నర మైళ్ల కాలవ కాంట్రాక్టు తీసుకున్నాడు, ముఖ్యంగా మాదిగలకు పని దొరకాలని. మిషనరీ పుస్తకాల్లో ఒక విషయం కనిపిస్తుంది. కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారు అనే మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. పట్టీ చూసి ఒక్కొక్కరి పేరు పిలిచారట.

ఆ పట్టీ సంగతి నేను చాలాసేపు ఆలోచించా. భూమి ఉన్నవాడి పేరు కరణం లెక్కల్లో ఉంటుంది. భూమి లేనివాడి పేరు అప్పటిదాకా ఏ కాగితం మీదుంది? బహుశా వాళ్లలో చాలామందికి తమ పేరు కాగితం మీద రాసి గట్టిగా పిలవడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

నాలుగో చాప్టర్

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటికి వద్దాం. నాలుగో చాప్టర్‌లో పల్లె నుంచి కాలవ పనికి వలస వెళ్లే సీను ఉంది. దానికోసం మా ఊరి పల్లెలో, నాతో బడికి వచ్చిన ఫ్రెండ్ వాళ్ల తాత దగ్గరికి వెళ్లా. ఎనభై దాటాయి. మంచం మీద కూర్చుని కరువు గురించి ఏం విన్నారు తాతా అని అడిగా. ఆయన కాసేపు చూసి అన్నాడు.

"మీ జొన్నల చేను ఉందిగా, దానికాపేరెట్టా వచ్చిందో తెలుసా అబ్బయ్యా?"

తెలుసన్నా. అందులో జొన్న బాగా పండేది కాబట్టి. మా ఇంట్లో అదే చెప్తారు.

ఆయన నవ్వాడు. "పండటం కాదు. జొన్నలకి పోయింది. రెండు తూములకి. మా తాతోళ్ల నాయన ఇచ్చి కాలవకి పొయ్యాడు. ఆడనే ఇద్దరు పిల్లకాయలు పోయారు."

తూము అంటే ఎంతో తెలీని వాళ్లకి: ఇరవై తూములైతే ఒక పుట్టి. రెండు తూములంటే పుట్టిలో పదో వంతు. ఒక ఇంటికి కొన్ని వారాల తిండి.

ఆ రోజు ఇంటికొచ్చి రాసిన మూడు చాప్టర్లు మళ్లీ చదివా. పాతర ఉంది. అంబలి ఉంది. పెద్దాయన గుండె ధైర్యం ఉంది. ఆ పాతరలోంచే రెండు తూములు కొలిచి ఇచ్చి చేను తీసుకున్న సాయంత్రం మాత్రం లేదు.

రికార్డులు చూశా. జమీందారీ ఊళ్లు కాబట్టి మనకి పాత రైత్వారీ రిజిస్టర్లు ఉండవు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ ఉంటుంది. అందులో ఆ సర్వే నంబరు మా ముత్తాత పేరు మీదే ఉంది. పక్కాగా ఉంది. దానికి డెబ్బై ఏళ్ల ముందు ఎవరు దున్నారో చెప్పే కాలం ఆ రిజిస్టర్‌లో లేదు. చట్టం ప్రకారం మా వైపు కాగితం ఉంది. ఆయన వైపు చేను పేరు ఉంది.

వేరేవాళ్లు ఎలా రాశారు?

ఈ ఇబ్బంది నాకొక్కడికే వచ్చింది కాదు. మన జిల్లా రచయిత జి.కళ్యాణరావు 2000లో "అంటరాని వసంతం" నవల తెచ్చారు. రూతు అనే ముసలామె తన భర్త వైపు తరాల కథంతా గుర్తు చేసుకోవడం ఆ నవల. అందులో శివయ్య, శశిరేఖ కరువులో ఊరొదిలి ఈ కాలవ పనికే వెళ్తారు. అక్కడ కూడా కులం పేరుతో పని దగ్గరికి రానివ్వరు. నేను రాస్తున్న కథకి అది అటు వైపు. కాలేజీలో ఉన్నప్పుడు ఎవరో చెప్తే చదివా, మా ఊరి కథని మాత్రం దాంతో కలిపి చూడలేదు. చూడాల్సింది.

బండి నారాయణస్వామి "శప్తభూమి" చదవండి. 18వ శతాబ్దపు అనంతపురం, హండే రాజుల కాలం. 2019 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజులు ఉంటారు, కానీ కథని మోసేది కింది మనుషులు.

ఇంకోటి "ఏడు తరాలు". అలెక్స్ హేలీ 1976లో రాసిన "రూట్స్"కి సహవాసి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. తెలుగులో తరతరాలు చదివిన పుస్తకం. హేలీ తన పూర్వీకుడు కుంటా కింటే కోసం గాంబియా వెళ్లి, వంశాలు నోటికి చెప్పే గ్రియోట్‌ని కలిశాడు. మన దగ్గర పిచ్చుకుంట్లవాళ్లు రెడ్ల గోత్రాలు, వంశాలు చెప్పినట్టు అన్నమాట. తర్వాత పరిశోధకులు తవ్వితే చాలా సమస్యలు బయటపడ్డాయి. హేలీ ఏం వినాలనుకుంటున్నాడో అక్కడివాళ్లకి ముందే తెలిసిపోయిందన్నారు. అమెరికా రికార్డులు ఆయన చెప్పిన వంశంతో కలవలేదన్నారు. ఇంకో రచయిత హెరాల్డ్ కోర్లాండర్, నా నవలలోంచి తీసుకున్నాడని కేసు వేస్తే, 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాడు.

అయినా ఆ పుస్తకం చచ్చిపోలేదు. లక్షల మందికి తమ తాతల గురించి అడగాలనిపించేలా చేసింది. కానీ ఆయన దాన్ని నవల అని మాత్రమే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నిజంగా జరిగింది అన్నాడు, అక్కడ ఇరుక్కున్నాడు. నాకు అర్థమైంది ఏంటంటే, ఊహించడం తప్పు కాదు. ఊహించినదాన్ని రికార్డు అని చెప్పడం తప్పు. మా ఇంట్లో చేసింది ఇంకోటి: గుర్తున్నదాంట్లో సగం మాత్రమే చెప్పుకోవడం.

మీరు రాయాలనుకుంటే

నేను దెబ్బ తిని నేర్చుకున్నవి కొన్ని చెప్తా.

ఒకటి, మీ ఇంటి కథని మీ ఇంట్లోనే ఆపకండి. అదే ఊళ్లో, అదే కరువు గురించి, ఇంకో వాడకట్టులో అడగండి. అడిగేటప్పుడు మీకు తెలిసింది ముందు చెప్పకండి. హేలీ విషయంలో జరిగింది అదే.

రెండు, పేర్లు పట్టుకోండి. చేల పేర్లు, బావుల పేర్లు, వాగు రేవుల పేర్లు. మనుషులు మర్చిపోయినది పేరులో ఉండిపోతుంది.

మూడు, కైఫీయత్తులు చదవండి. కర్నల్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు, వాళ్ల మనుషులు 200 ఏళ్ల కిందట ఊరూరూ తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి రాయించిన ఊరి చరిత్రలు అవి. కడప సి.పి.బ్రౌన్ పరిశోధన కేంద్రం వాళ్లు కడప వైపువి పుస్తకాలుగా వేశారు. భాషే మీకు ఆ కాలం వినిపిస్తుంది. కాకపోతే అవి కూడా కరణం చెప్పిన మాటలే. పల్లె చెప్పినవి కావు.

నాలుగు, వస్తువులు సరిచూసుకోండి. నేను 1876 దర్శి పొలాల్లో కాలవ నీళ్లు పారించా! సాగర్ నీళ్లు వదిలిందే 1967లో. వర్జీనియా పొగాకు వేయించా, అది ఇరవయ్యో శతాబ్దం పంట. మార్కాపురం వైపు రైలు ఎక్కించా, అప్పటికి ఇంకా పట్టాలు పడలేదు. అప్పటి పొలంలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, ఆముదం. ఇంట్లో ఆముదం దీపం.

ఐదు, పుస్తకం చివర ఒక పేజీలో ఏది విన్నారో, ఏది కాగితం మీద చూశారో, ఏది కల్పించారో విడివిడిగా చెప్పండి. ఒక్క పేజీ చాలు.

మళ్లీ చేను దగ్గరికి

నాలుగో చాప్టర్ మళ్లీ రాశా. ఇప్పుడు నవల అక్కడే మొదలవుతుంది. పాతర నోటి దగ్గర ఇద్దరు మగాళ్లు, ఒక తూము, సాయంత్రం. ఒకడికి చేను అక్కర్లేదు, కానీ వదలబుద్ధి కాదు. ఇంకొకడికి చేను కావాలి, కానీ పిల్లలు ఏడుస్తున్నారు. మా పెద్దాయన్ని దుర్మార్గుణ్ణి చేయలేదు. అంబలి పోసిన చేతులే ఆ జొన్నలు కొలిచాయి. రెండూ ఒకే మనిషి చేశాడని రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రాసింది నాయనమ్మకి చదివి వినిపించా. తిడుతుందనుకున్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ చేలో కోత అయినాక, మొదట ఒక మూట పల్లెకి పంపిచ్చేది మా అత్త. ఎందుకత్తా అంటే, ఆనవాయితీ అనేది. ఎవురింటికో ఆ ఇంటికే పొయ్యేది. ఆమె పోయినాక మేం ఆపేశాం."

అంటే మా ఇంట్లో ఎవరో ఒకరికి తెలుసు. చాలా ఏళ్లు తెలుసు. మాటల్లో చెప్పుకోలేక మూటలో పంపించారు.

నాన్న ఒకటే అన్నాడు: "రాసుకో, కానీ మన ఇంటిపేరు మార్చు." మారుస్తానన్నా.

పల్లెకి వెళ్లి తాతకి కూడా చదివి వినిపించా. మీ పేర్లు కూడా మారుస్తా తాతా, ఇబ్బంది ఉండదు అన్నా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా తాతోళ్ల నాయన పేరు మార్చబాకు అబ్బయ్యా. పేరు ఒకటే మిగిలింది."

సరే అన్నా. ఈ వీడియోలో ఆ పేరు చెప్పను, అది పుస్తకంలో ఉంటుంది. దర్శి రాగిరేకులో దానమిచ్చిన రాజు పేరు పోయి, ముత్తాత పేరు మిగిలింది. మా పుస్తకంలో చేను తీసుకున్నవాళ్ల పేరు ఉండదు, ఇచ్చినాయన పేరు ఉంటుంది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. మన చేలకి ఆ పేర్లు ఎట్లా వచ్చాయి అని. చెప్పింది రికార్డ్ చేసుకోండి. తర్వాత ఊరికి వెళ్లినప్పుడు ఇంకో ఇంట్లో అదే ప్రశ్న అడగండి.

ఉంటా అండీ. వచ్చే ఎపిసోడ్ కంభం చెరువు మీద.